రాక్షసుడికి వచ్చిన శుభలేఖ

కింశుకపుర రాజ్యంలో ఏళ్ళ తరబడి చినుకు రాలలేదు. మాఘంలోనూ వడగాలే, శ్రావణంలోనూ వడగాలే. చెరువులు నెర్రెలు విచ్చాయి, పశువులు ఎముకల గూళ్ళయ్యాయి. ఇదంతా కరికొండ మీద ఉండే ఉగ్రదంష్ట్రుడనే రాక్షసుడి పని. వాడు కొండ కొమ్మున కూర్చుని, వచ్చిన ప్రతి మబ్బునూ నోటితో ఊది ఆవిరి చేసేస్తున్నాడు. రాజు విశ్వవర్మ సైన్యాన్ని పంపాడు. ఎక్కినవాళ్ళు ఎక్కినచోటే శిలలైపోయారు. మళ్ళీ పంపాడు, మళ్ళీ శిలలయ్యారు. అంతకుముందు ఎవరి జోలికీ రాని రాక్షసుడికి ఇంత కోపం ఎందుకొచ్చిందని అడిగినవాడు మాత్రం ఆ రాజ్యంలో ఒక్కడూ లేడు. సభనిండా పండితులు, మంత్రులు. ఉండి ఏం లాభం?

కొండ కింది పల్లెలో నాంచారి అనే పిల్ల ఉండేది. ఆమె తండ్రి ఓబులయ్యను సైనికులు బల్లేల మోపు మోయడానికి పట్టుకుపోయారు. ఆయనా రాయి అయ్యాడు. మోపు కింద నడుము వంచి నిలబడ్డ ఆ రాయి పల్లెలోంచి చూస్తే కనిపిస్తుంది. తల్లి లేని నాంచారి అప్పటినుంచీ బాబాయి గురవయ్యతో అదే ఇంట్లో ఉంటూ, పొద్దున లేవగానే ఆ రాయి వంక చూసి పనిలోకి దిగేది.

ఒకరోజు ఆమె కొడవలి పట్టుకుని ఇంటి కప్పు మీది పాతగడ్డి తీస్తోంది. చూరులోంచి తాటాకు చుట్ట ఒకటి జారి కింద పడింది. దానికి నాలుగు మూలలా పసుపు రాసి ఉంది. లక్క ముద్ర పగలలేదు. పైన ఘంటంతో గీసిన అక్షరాలు ఇవి: "కరికొండ మీద ఉండే మా అన్న ఉగ్రదంష్ట్రుడికి, చెల్లెలు కరాళిక."

నాంచారి కప్పు దిగింది. "బాబాయ్, ఇదేంటి?"

గురవయ్య మొహంలో నెత్తుటి చుక్క లేదు. "అదా... అప్పుడెప్పుడో టపా మోసే అంచెవాడు పడేసి పోయాడే. కొండెక్కాలంటే వాడికి భయం. 'కొండకి దగ్గర ఇల్లు మీదే గదా, మీరే ఇచ్చెయ్యండి' అని అరుగు మీద పెట్టి ఉడాయించాడు. మళ్ళీ వచ్చినప్పుడు వాడికే తిరిగిచ్చేద్దామని చూరులో దోపాను."

"వాడు మళ్ళీ రాలేదా?"

"వచ్చాడు. ఆవేళ నాకు గుర్తు రాలేదు. తర్వాత నాట్లొచ్చాయి. ఆ తర్వాత ఆ రాక్షసుడు మబ్బుల్ని ఊదడం మొదలెట్టాడు. ఇక అప్పుడు నోరు విప్పితే జనం నన్ను బతకనిస్తారా?"

"మా నాన్న రాయి అయిపోయినప్పుడు కూడా నోరు విప్పలేదు."

"రాక్షసుడి ఉత్తరమే గదా, ఇవ్వకపోతే కొంపలేం మునిగిపోతాయిలే అనుకున్నానే తల్లీ!"

కొంపలు మునగడానికి రాజ్యంలో నీళ్ళు కూడా మిగలలేదు. పిల్లలూ, ఇలాంటివాళ్ళను చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. తమకు రావలసిన ఉత్తరం ఒక పూట ఆలస్యమైతే అంచెవాడి ఏడు తరాలనూ తిడతారు. పక్కవాడి ఉత్తరం మాత్రం తమ చూరులో ఏళ్ళకేళ్ళు మగ్గినా వాళ్ళకు చీమ కుట్టినట్టయినా ఉండదు.

"పొయ్యిలో పడేసెయ్యవే, పీడా పోతుంది" అన్నాడు గురవయ్య.

"నీ పేరున వచ్చిందా కాల్చడానికి?" అని నాంచారి ఒక్క అరుపు అరిచింది. చుట్టను ఒడిలో కట్టుకుని, కొడవలి నడుముకు దోపుకుని, తిన్నగా కొండదారి పట్టింది.

కొండ మొదట్లో దళపతి చండసేనుడు కాపలా ఉన్నాడు. సంగతి వినగానే అతని మీసాలు లేచాయి. "రాక్షసుడి ఉత్తరమా! ఇటు తే. వాడి ఆయువుపట్టు ఎక్కడుందో ఇందులో రాసే ఉంటుంది" అని చుట్ట లాగేసుకుని, బాకు తీసి ముద్ర పగలగొట్టబోయాడు.

"దాని మీద మీ పేరుందా?" అంది నాంచారి.

"నేను రాజుగారి మనిషిని!"

"పోనీ, రాజుగారి పేరుందా?"

దళపతి పళ్ళు కొరికి, పిల్లను పట్టుకోమని భటులకు చెప్పాడు. నాంచారి అతని చెయ్యి కసుక్కున కొరికి, చుట్ట లాక్కుని పైకి పరుగెత్తింది. హద్దురాయి దాటి ఆమె వెంట వెళ్ళే ధైర్యం భటులకు లేకపోయింది. దళపతికి అసలే లేదు.

సగం కొండ ఎక్కేసరికి బండలు పెనంలా కాలుతున్నాయి. అక్కడొక గుహలో ముని ఒకాయన ఉన్నాడు. తన సెలయేరు ఎండిపోయిందన్న కోపంతో ఆయన జపం కూడా మానేశాడు. నాంచారి చెప్పిందంతా విని, "పిచ్చిదానా, అందులో ఏముందో తెలియకుండా పులినోట్లో తల పెడతావా? ముద్ర విప్పనక్కర్లేదు. దివ్యదృష్టితో చదివి చెబుతాను, విని వెళ్ళు" అన్నాడు.

నాంచారి చుట్టను అటూ ఇటూ తిప్పి చూసింది. చెల్లెలు అన్నను తిడుతూ రాసిందేమో! అది చదివి రాక్షసుడు ముందు తననే నలిపేస్తాడేమో! తెలుసుకోవాలనే ఉంది. అయినా తల అడ్డంగా ఊపింది. "విప్పకుండా చదివినా చదివినట్టే కదా, స్వామీ."

ముని కళ్ళు ఎర్రబడ్డాయి. శపించడానికి కమండలం ఎత్తాడు, కాసేపటికి తనే దించేశాడు. "శపిద్దామంటే నీలో తప్పు దొరకడం లేదు. ఇవిగో నా పావుకోళ్ళు. ఇవి తొడుక్కుంటే బండలు నిన్ను కాల్చవు. ఆ కొడవలి ఇక్కడే పడెయ్యి. ఆయుధం పట్టుకెళ్ళినవాళ్ళనే పైనున్న మృగం చూపుతో రాయి చేస్తుంది" అన్నాడు విసుగ్గా.

నాంచారి కొడవలి అక్కడ పడేసి నడిచింది. మలుపులో తండ్రి శిల ఎదురైంది. దాని వీపు మీద చెయ్యి ఆనించింది. వేడిగా ఉంది. మోసింది ఎవరి బల్లేలో, ఆయుధం మోసిన పాపం మాత్రం ఆయనకు తగులుకుంది. నాంచారి అక్కడే నిలబడి బాబాయిని నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టి, కళ్ళు తుడుచుకుని పైకెక్కింది.

ఏనుగు తల, పులి ఒళ్ళు ఉన్న మృగం దారికి అడ్డంగా లేచింది. "చంపడానికి వచ్చావా?" అని ఘీంకరించింది.

"ఉత్తరం ఇవ్వడానికి వచ్చాను."

మృగం ఆమె నడుమూ చేతులూ చూసింది. తొండం చాచి చుట్టను వాసన చూసింది. "ఇది కరాళికమ్మ చేతి పసుపు. ముద్ర కూడా చెదరలేదు. ఇక్కడికి ఏదైనా ఇవ్వడానికి వచ్చిన మనిషివి నువ్వొక్కతెవే" అని పక్కకు తప్పుకుంది.

కొమ్మున కూర్చున్న ఉగ్రదంష్ట్రుడు ఆ క్షణంలో ఒక తెల్లమబ్బును ఊదేస్తున్నాడు. నాంచారి చుట్టను వాడి కాళ్ళ ముందు పడేసి, "నీ ఉత్తరం. తీసుకో" అంది.

పసుపు చూడగానే వాడి ఊపిరి ఆగింది. గోటితో ముద్ర విప్పి పైకే చదివాడు. "అన్నయ్యా, రోహిణీ నక్షత్రంలో నా కూతురి పెళ్ళి. మేనమామవు నువ్వొచ్చి బుట్టలో ఎత్తుకుని తేకపోతే పిల్ల మండపం ఎక్కదు. తప్పక రావాలి."

వాడు కొండ అదిరేలా ఏడ్చాడు. "పెళ్ళి చేస్తోందని గాలివాటుగా విన్నాను. మేనమామను నన్నే పిలవలేదని మండిపోయాను. పిలిచింది! నా చెల్లెలు నన్ను పిలిచింది!" అంతలోనే ఏడుపు ఆపి కోరలు నూరాడు. "దీన్ని దాచినవాడెవడు?"

"మా బాబాయి. మా ఇంటి చూరులో దోపి మరిచిపోయాడు."

"వాణ్ణి నాకియ్యి. నమిలి మింగుతాను."

ఆ క్షణాన నాంచారికి సరే అనాలనిపించింది. అబద్ధమెందుకు, నిజంగానే అనిపించింది. కాని ఆమె కోపం ఒక్కడితో తీరేది కాదు.

"మా బాబాయిది తప్పే. మరి నీది? ఉత్తరం రాకపోతే ఏమైందో కనుక్కోమని చెల్లెలి దగ్గరికి ఒక్క కబురు పంపలేకపోయావా?"

"పిలవని పేరంటానికి వెళ్ళమంటావా?"

"వెళ్ళమనలేదు, అడగమన్నాను! అడగడానికి నీకు నామోషీ. ఆ నామోషీకి మా పశువులు చచ్చాయి, మా నాన్న రాయి అయ్యాడు. ఉత్తరం దాచినందుకు మా బాబాయిని మింగుతావు సరే. ఇంత చేసినందుకు నిన్నెవరు మింగాలి?"

రాక్షసుడు నోరు తెరిచాడు. ఈసారి అందులోంచి మబ్బుల్ని ఊదే గాలి రాలేదు. లేచి, మృగం నెత్తిన చెయ్యి వేసి ఏదో గొణిగాడు. కొండ మీద శిలలైనవాళ్ళంతా ఒళ్ళు విరుచుకుని మళ్ళీ మనుషులయ్యారు.

ఓబులయ్య మోపు కింద పడేసి, ఎదిగిన కూతుర్ని గుర్తుపట్టి, కావలించుకుని బావురుమన్నాడు. ఇద్దరూ కొండ దిగేసరికి గురవయ్య హద్దురాయి దగ్గర తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

"అసలేం జరిగిందమ్మా?" అన్నాడు ఓబులయ్య.

"ఆ మాట బాబాయి చెప్పాలి" అంది నాంచారి.

గురవయ్య పల్లె జనమందరి ఎదుటా ఏదీ దాచకుండా చెప్పాడు. ఓబులయ్య తమ్ముడి చెంప ఛెళ్ళుమనిపించి, "నాకు చెప్పావు, బాగుంది. పిలుపు పంపిన ఆ ఆడకూతురికి ఎవరు చెబుతారు? పద" అని రెక్క పట్టుకుని బయలుదేరాడు. కొండ దిగి వచ్చిన ఉగ్రదంష్ట్రుడు దారి చూపుతూ ముందు నడిచాడు, నాంచారి వాళ్ళ వెంట నడిచింది.

కరాళిక వాకిట్లో పెళ్ళిపందిరి ఎండి వరుగైనా నిలబడే ఉంది. మేనమామ రాలేదని పెళ్ళికూతురు అన్నేళ్ళూ మండపం ఎక్కలేదు. పెళ్ళికొడుకు విడిదింట్లోనే గడ్డం పెంచుకుంటున్నాడు. కరాళిక ముందు అన్నను తిట్టింది, తర్వాత గురవయ్య చెప్పింది విని అతన్ని అంతకు రెట్టింపు తిట్టింది. తిట్టి తిట్టి అలిసిపోయి, అందరితోపాటు విస్తరి వేయించింది. ఉగ్రదంష్ట్రుడు మేనకోడల్ని బుట్టలో ఎత్తుకొచ్చాడు. తాళి కట్టే వేళకు వాన మొదలైంది.

సంగతి తెలిసిన రాజు ఆ వానలోనే అక్కడికి వచ్చి, నాంచారిని రాజ్యంలోని అంచెలన్నిటికీ అధికారిణిని చేశాడు. పొరపాటున తమ గడపకు వచ్చిన ఉత్తరాన్ని ఆ పూటే సొంతదారుకు చేర్చాలని, చేతకాకపోతే అంచెకు తిరిగివ్వాలని, విప్పితే శిక్ష తప్పదని దండోరా వేయించాడు. దళపతి చండసేనుడు కట్టు కట్టిన చెయ్యి వెనక్కి దాచుకుని విన్నాడు.

ఇంటిదారిలో గురవయ్య మెల్లగా నాంచారి పక్కకు చేరాడు. "ఇంకా కోపమేనా, తల్లీ?"

"ఉంది బాబాయ్. ఇప్పట్లో పోయేది కాదు. నువ్వు నడు, నాన్న తడుస్తున్నాడు."

ముగ్గురూ ఇల్లు చేరారు. పిల్లలూ, మీ కోసం ఎదురుచూసేవాళ్ళున్న ఇంటికి మీరూ చేరండి.