పాత ఇంటి ఓనరమ్మ చెప్పిన మాట

రండమ్మా, రండయ్యా, కాస్త ఇటు జరగండి. కబుర్లు కట్టిపెట్టండి. పకోడీలు నమిలేవాళ్ళు చప్పుడు రాకుండా నమలండి. ఇది వన్ టౌన్ నాంచారమ్మ కథ. ఆవిడ మేడ మీద ఎండు చేపలు ఆరబోస్తే కంకిపాడులో పిల్లులు నిద్రలేచేవి. ఆవిడ కేకేస్తే బ్యారేజీ మీద బస్సులు బ్రేకులేసేవి. అలాంటి మనిషికి ఓ పొద్దున ఫోనొచ్చింది.

"నమస్కారమండీ. నా పేరు తిరుపతిరావు, కంకిపాడు. హేమసుందర్, పద్మశ్రీ అని మొగుడూ పెళ్ళాలు మా ఇంట్లో అద్దెకు దిగుతామంటున్నారు. పాత ఇంటి ఓనరని మీ నంబరిచ్చారు. ఎలాంటివాళ్ళండీ?"

నాంచారమ్మ చేతిలో చేప జారిపోయింది. హేమసుందర్ ఆవిడ కన్నకొడుకు, పద్మశ్రీ కోడలు. పెళ్ళయినప్పటి నుంచీ మేడ మీది వాటాలో అద్దె ఇచ్చే ఉన్నారు. పోయిన నెల మాటామాటా పెరిగి, సామాను సర్దుకుని పద్మశ్రీ అక్కగారింటికి వెళ్ళిపోయారు. ఇప్పుడు కన్నతల్లి కాస్తా ఓనరైపోయిందన్నమాట!

"నేనే మళ్ళీ చేస్తానండీ," అని పెట్టేసి, భర్త కాశీరావును కేకేసింది. ఆయన బ్రష్షు నోట్లో పెట్టుకునే పరిగెత్తుకొచ్చాడు.

"చెడ్డోళ్ళని చెప్పేస్తా. ఆ ఇల్లు దొరక్కపోతే చచ్చినట్టు మన మేడ మీదకే వస్తారు."

"పరువునష్టం కేసు పడుద్దే, నాంచారీ!"

"అయితే మంచోళ్ళంటా."

"రేపు వాళ్ళు ఆ ఇంటికేదన్నా చేస్తే చీటింగు కేసు నీ మీదే!"

"పోనీ ఫోనే చెయ్యను."

"అమ్మో! సాక్ష్యం దాచినట్టు!"

"మరేం చెయ్యమంటావయ్యా? మూగదాన్నైపోనా?"

"దానికైతే ఏ చట్టమూ అడ్డు రాదు," అన్నాడు కాశీరావు ఆశగా.

నాంచారమ్మ బుర్ర గిర్రున తిరిగింది. మంచి చెబితే కొడుకు దూరమైపోతాడు. చెడు చెబితే దగ్గరవుతాడు, కానీ ఏ మొహం పెట్టుకుని చూడాలి? ఎటూ తేలక, అయోమయంగానే నంబరు నొక్కింది.

"చట్టం ఏమంటుందో ముందది చెప్పండి," అంది.

అవతల తిరుపతిరావు నవ్వాడు. "మా వకీలునడిగానండీ. చెప్పి తీరాలని మీకేం బలవంతం లేదంట. చెబితే మాత్రం నిజమే చెప్పాలంట."

"నిజమే చెప్తా. ఆ పిల్లకు పొగరు. వాన చినుకు పడితే నన్నడక్కుండా నా చేపలన్నీ లోపలికి చేర్చేసేది."

"అది పొగరా అండీ?"

"ఆగండి. నాకు జ్వరమొస్తే జావ తాగేదాకా మంచం దిగనిచ్చేది కాదు. జైలరనుకోండి!"

"ఇంకా?"

"నా ఇంట్లో నన్నే తలుపు కొట్టి రమ్మంది! మారు తాళంచెవి నా దగ్గరుండగా కొట్టేదేంటి? ఆ రోజూ అంతే, చేపల బుట్ట పెడదామని తాళం తీసి లోపలికెళ్ళా. అది అప్పుడే స్నానం చేసొచ్చి చీర కట్టుకుంటోంది. నన్ను చూసి తలుపు చాటుకు..."

తలుపు చాటు నుంచి తొంగిచూసిన ఆ కళ్ళలో నీళ్ళు ఇప్పుడు కనిపించాయి నాంచారమ్మకు. ఆ రోజు తనేం చేసింది? 'నా ఇల్లు, నా తాళం' అంటూ వీధంతా వినేలా అరిచింది.

"అమ్మా, లైన్లో ఉన్నారా?"

"ఉన్నా బాబూ," అంది కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "పిల్లలు బంగారం. తప్పు నాదే. ఇల్లిచ్చెయ్యి. నేను వాళ్ళ ఓనర్ని కాదు, అమ్మని."

కొత్తింట్లో పాలు పొంగించిన రోజు కంకిపాడులో ఆటో ఆగింది. వీధి తలుపు బార్లా తీసే ఉంది. అయినా నాంచారమ్మ గడప బయటే నిలబడి టకటకా కొట్టింది.

పద్మశ్రీ పరిగెత్తుకొచ్చింది. "తీసే ఉందిగా అత్తయ్యా!"

"నువ్వు రమ్మంటేనే వస్తానమ్మా. ఇదిగో, మేడ మీది వాటా మారు తాళంచెవి. ఇక నీ దగ్గరే ఉంటది. ఎప్పుడు రాబుద్దైతే అప్పుడు రండి."

పద్మశ్రీ తాళంచెవి తీసుకోలేదు, అత్తగారిని గట్టిగా వాటేసుకుంది. వెనకే హేమసుందర్ వచ్చి తల్లి చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మవని చెబితే నీ మాట ఈ ఇంటాయన నమ్ముతాడా? అందుకే ఓనరన్నానే అమ్మా."

ముగ్గురూ ఏడుస్తూ గడప మీదే నిలబడిపోయారు. కిరాయి కోసం నిలబడ్డ ఆటోవాడు తల గోక్కున్నాడు.

"తలుపు కొట్టడానికా అమ్మా ఇంతదూరం తెచ్చావు? ముందే చెబితే వన్ టౌన్‌లోనే బోలెడు తలుపులు చూపించేవాణ్ణి!"