పేపర్ కప్పులు తెచ్చిన టీచరమ్మ

శనివారం పొద్దున గాంధిమతి టీ కాచింది. బడి లేదు. పెరట్లో కళ్ళం మీద గుండ్రటి ముండు మిరపకాయలు పరిచి ఉన్నాయి. ఆరుగురు ఆడవాళ్ళు కూర్చుని తాలు కాయలు ఏరుతున్నారు. వాళ్ళకు పేపర్ కప్పుల్లోనూ, ఇంట్లోవాళ్ళకు స్టీలు టంబ్లర్లలోనూ పోసింది.

ఆ కప్పులు మూడేళ్ళ కిందట తానే కోవిల్‌పట్టి నుంచి తెచ్చింది. అంతకుముందు అత్త బొమ్మక్క వాళ్ళకు చూరులో దోపి ఉంచిన కొబ్బరి చిప్పల్లో పోసేది. ఆ చిప్పల్ని గాంధిమతి పొయ్యిలో పెట్టి కాల్చేసింది. తన ఇంట్లో ఒక పెద్ద అన్యాయం ఆనాటితో ముగిసిందని ఆమె నమ్మకం. క్లాసులో పౌరులందరూ సమానులన్న పాఠం వచ్చినప్పుడల్లా ఆ మంట గుర్తొచ్చి గొంతు కాస్త పెద్దదయ్యేది కూడా.

ఆ ఆరుగురిలో పెద్దది ముత్తమ్మాళ్. ఆమె కూతురు కలైసెల్వి గాంధిమతి దగ్గరే చదివింది. "ఉద్యోగం వస్తే మా ఇంటికి రా, పక్కపక్కన కూర్చుని టీ తాగుదాం" అని టీచర్ ఒకనాడు అన్న మాటను పిల్ల దాచుకుంది. విరుదునగర్ కలెక్టరాఫీసులో ఉద్యోగం రాగానే, ఆ శనివారం పొద్దునే మిఠాయి పెట్టె పట్టుకుని వచ్చింది.

గాంధిమతికి ఆనందంతో కాళ్ళు నిలవలేదు. పెరటి వసారాలో కుర్చీ వేసి, తన పేరు చెక్కిన టంబ్లర్ నిండా టీ పోసి ఇచ్చింది. కలైసెల్వి తాగలేదు. కళ్ళంలో కప్పు పట్టుకుని ఊదుకుంటున్న తల్లిని చూస్తోంది.

"అమ్మకెందుకు టీచర్ వేరే కప్పు?"

"అది సుద్ధం గదా సెల్వీ. తాగి పారేసేది. ఒకరి ఎంగిలి ఇంకొకరికి అంటదు."

"మీ ఇంట్లో ఒకరి ఎంగిలి ఒకరికి అంటితే పర్వాలేదు. మాది మీకు అంటకూడదు. అంతే గదా?" పిల్ల గొంతు పెంచలేదు. "నాకు ఈ ఉద్యోగం రాకుండా, నేనూ కాయలు ఏరేదానికి వచ్చింటే, నాకు దేంట్లో పోసుందురు టీచర్?"

కలైసెల్వి నిండు టంబ్లర్‌ను కిటికీ గూట్లో పెట్టి, "బస్సుకు పొద్దాయె" అని లేచింది. మిఠాయి పెట్టె ఆమె చేతిలోనే ఉండిపోయింది.

"ఎంత పొగరు సూడు" అంది బొమ్మక్క గడపలోంచి.

"పొగరు కాదత్తా. ఇదంతా మీరు నేర్పిన రోత."

"నేనా?" ముసలామె కోపం తెచ్చుకోలేదు. "నేను చిప్పలో పోస్తి. వేరని తెలిసే పోస్తి. నా పాపం నాది. నువ్వు అదే వేరును కప్పులో పోసి సుద్ధమని పేరు పెడితివి. నీకూ నాకూ ఏం భేదం అమ్మణ్ణీ?"

గాంధిమతికి అసహ్యం వేసింది. అత్త మీద కాదు, తన మీదే. ఈ తమిళ సీమలో తన వీధిలోనూ, ముత్తమ్మాళ్ వాళ్ళ వీధిలోనూ పిల్లల్ని జోకొట్టేది ఒకే తెలుగులో. మాట ఒకటైనవాళ్ళకు గ్లాసు వేరు చేసింది చాలక, దానికి సంస్కరణ అని పేరు పెట్టుకుని మూడేళ్ళు మురిసిపోయింది. ఛీ అనుకుంది.

ఇంట్లో చేతికందిన టంబ్లర్లన్నీ తీసుకుని కళ్ళంలోకి నడిచింది. మళ్ళీ టీ పోసింది.

"వద్దు తల్లీ, పెద్దమ్మ చూస్తుండాది. నాకు కప్పే సాలు" అంది ముత్తమ్మాళ్ భయంగా.

"తాగు అక్కా. ఎత్తి పోసుకోవద్దు, పెదవి ఆనించి తాగు."

ఇన్నేళ్ళలో అక్కా అని పిలవడం అదే మొదలు. ముత్తమ్మాళ్ తాగింది. అలవాటుకొద్దీ కడగడానికి కొళాయి దగ్గరికి లేవబోతే గాంధిమతి టంబ్లర్ లాక్కుంది. కడగకుండానే అందులో టీ పోసుకుని నోటికి పెట్టుకుంది.

మొదటి గుక్కకు గొంతు బిగుసుకుపోయింది. మింగుడు పడలేదు. అన్నిటికన్నా ఆ బిగుసుకుపోవడమే ఆమెకు రోత పుట్టించింది. కళ్ళు మూసుకుని మింగింది. కళ్ళు తెరిచేసరికి పెరటి గేటు దగ్గర కలైసెల్వి నిలబడి చూస్తోంది. మిఠాయి ఇవ్వడానికే వెనక్కి వచ్చినట్టుంది.

"కష్టంగా ఉండిందా టీచర్?"

లేదని చెప్పడం సులువు. "ఉండింది" అంది గాంధిమతి. ఆ మాటతో ఏడుపు వచ్చేసింది.

కలైసెల్వి వసారాలోకి వచ్చి, గూట్లో చల్లారిపోయిన తన టీ తీసుకుంది. వచ్చి తల్లి పక్కన, టీచర్‌కు ఎదురుగా కళ్ళం నేల మీద కూర్చుంది.

"అట్లయితే రేపు కూడా ఇట్లే తాగండి టీచర్," అంది. "గొంతుకు అలవాటయ్యేదాకా."

గాంధిమతి తల ఊపింది. గడపలో బొమ్మక్క తన టంబ్లర్‌ను కొంగు కింద దాచుకుని నిలబడి ఉంది. కలైసెల్వి మిఠాయి పెట్టె తెరిచి మొదట ఆమె వైపే చాపింది.