నలభయ్యో అంగుళం

"ఏమప్పా, మేము బల్ల చేయమంటే నువ్వు చెరువు చేసినావే?"

ఖాజా తలెత్తి చూసేసరికి వెల్డింగ్ షాపు ముందు ఆటోలోంచి స్టీలు బల్ల దిగుతోంది. దాని పక్కన, చున్నీ నడుముకు బిగించి, ఒక అమ్మాయి. బల్లను గుర్తుపట్టాడు. చిక్కీలు చేసే జమీలాబీ చేయించుకున్నది. అంటే ఈమె కూతురు అనీసా అన్నమాట. కళ్లు బాగున్నాయి అనుకునేలోపే ఆ కళ్లు ఉరిమాయి.

"చెరువేంది?" అన్నాడు.

అనీసా బాటిల్ మూత తీసి బల్ల మీద నీళ్లు పోసింది. నాలుగు పక్కల నుంచీ పరుగెత్తుకొచ్చి నీళ్లన్నీ నడిమధ్య గుంటలో నిలిచాయి.

"చూడు. గోరంట్ల చెరువులో గుడకా ఇన్ని నీళ్లు ల్యావు."

ఎదురుగా టీ బంకులో కూర్చున్నవాళ్లు పకపకా నవ్వారు. ఖాజా చెవులు వేడెక్కాయి. ఆమె అంతటితో వదిలిందా? అరచేత్తో బల్ల మధ్యలో నొక్కింది. డబక్! చెయ్యి తీసింది. డబక్!

"దినమంతా ఇదే సంగీతం. కర్రతో చిక్కీ రుద్దినప్పుడల్లా డబక్. మా అమ్మ ఉలిక్కిపడి రెండుసార్లు పాకం ఒలకబోసె. చిక్కీ ఒకపక్క అట్ట మందం, ఇంకోపక్క ఇటుక మందం. పుట్టపర్తి అంగళ్లోళ్లు అంతా వాపసు పంపినారు."

"రేకు పల్చన. వంగుతాది. అది రేకు గుణం."

"రేకు గుణం కాదు బేటీ, వీని గుణం," అంటూ లోపలి నుంచి వచ్చాడు కరీం సాబ్. షాపు ఆయనది, ఖాజాకు పని నేర్పిందీ ఆయనే.

ఉస్తాద్ మాట అబద్ధం కాదు. ఖాజాకు నిలకడ పుట్టుకతోనే తక్కువ. టీ చల్లారేదాకా ఆగలేక రోజుకు రెండుసార్లు నాలుక కాల్చుకునేవాడు. బస్సు ఆలస్యమైతే తర్వాతి స్టాపుకు నడిచిపోయేవాడు. సరిగ్గా దారి మధ్యలో బస్సు వాణ్ణి దాటుకొని పోయేది.

"కాలితే రేకు సాగుతాది, చల్లారితే ముడుచుకుంటాది," కరీం సాబ్ చెప్పాడు. "వీడు అతుకును ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే ఊపున కాల్చినాడు. అది చాలదన్నట్టు బిందెడు నీళ్లు కుమ్మరించినాడు. ఇంగ వంగక ఏం చేస్తాది?"

"మరి ఎట్ల కాల్చల్ల?"

"అంగుళం కాల్చల్ల, ఆగల్ల. చెయ్యి పెడితే చురుక్కుమనకూడదు. అప్పుడు ఆ కొసకు పోయి ఇంకో అంగుళం. రెండు రేకుల నడుమ నలభై అంగుళాల అతుకు. నలభైసార్లు ఆగల్ల. వీనికి చెప్పీ చెప్పీ నా గడ్డం నెరిసిపోయె."

అనీసా ఖాజాను కిందినుంచి పైదాకా చూసింది. నేల మీద టకటకా ఆడుతున్న వాడి కాలి దగ్గర ఆ చూపు కొంచెంసేపు నిలిచింది.

"సరే. కొత్త రేకులు తెప్పించు సాబ్. ఈసారి నేను ఈడే కూర్చుంటా. కాల్చమన్నప్పుడే ఈయప్ప కాల్చల్ల."

"నీకు ఇంట్లో పని ల్యాదా?" అన్నాడు ఖాజా.

"బల్ల నీ దగ్గరుంటే నాకేం పని?"

మంగళవారం మధ్యాహ్నానికి హిందూపురం నుంచి రేకులు వచ్చాయి. బయట దుమ్ముగాలి. పైన మబ్బులు గుంపులు కట్టి, ఒక్క చుక్కయినా రాల్చకుండా చిలమత్తూరు మీదుగా కర్ణాటకకు పోతున్నాయి. గాలికి అడ్డంగా గోనెపట్టా కట్టి, ఖాజా రేకులను ఇనుప చట్రం మీద క్లాంపులతో బిగించాడు. అతుకు కింద వేడి లాగేసేందుకు రాగిపట్టీ పెట్టాడు. ఇరువైపులా తడిగోనె పరిచి, రేకులు కదలకుండా వెల్డింగుతో ఆ కొసన ఒక చుక్క, ఈ కొసన ఒక చుక్క, మధ్యలో ఒక చుక్క అంటించాడు. అనీసా స్టూలు లాక్కుని కూర్చుంది. కరీం సాబ్ గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

మొదటి అంగుళం కాలింది. ఖాజా చెయ్యి ముందుకు పోవాలని దురదపెట్టింది.

"ఆగు."

"ఎంతసేపు?"

"నా ప్రశ్నకు జవాబు చెప్పేంతసేపు. అంగుళానికొకటి. వంకాయ తింటావా?"

"అదేం ప్రశ్న?"

"జవాబు చెప్పు."

"తింటా."

"మంచిది. మా ఇంట్లో వారానికి నాలుగు దినాలు వంకాయే."

మీ ఇంట్లో వంకాయతో నాకేం పని అనుకున్నాడు ఖాజా. రెండో అంగుళం కాలుస్తుంటే ఎందుకో నవ్వొచ్చింది.

ప్రశ్నలు అలా సాగాయి. వానొస్తే తడుస్తావా, పరుగెత్తుతావా? బడిలో నిన్ను ఎన్నిసార్లు బయట నిలబెట్టినారు? ఆ కాలు నిద్రలో గుడకా ఆడుతాదా? ఖాజా ఠక్కుఠక్కున జవాబిచ్చేవాడు. రేకు మాత్రం తొందరపడలేదు.

తొమ్మిదో అంగుళం తర్వాత ఆమె మెల్లగా అడిగింది.

"యాడికి పోవల్లని నీకింత తొందర?"

ఖాజా ముఖం మీది మాస్కు పైకెత్తాడు.

"మా నాయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు, రేపు పోదాంలే అనుకున్నా," అన్నాడు. "పొద్దున్నే పోయినా. అప్పటికే అయిపోయిండె. ఆ దినం నుంచి యాడన్నా ఆగితే భయం. ఏదో చేజారిపోతాదేమో అని."

రేకు ఎప్పుడో చల్లారింది. కాల్చమని చెప్పడం అనీసా మరిచిపోయింది, అడగడం వాడు మరిచిపోయాడు.

బుధవారం ఖాజా షాపు తెరవకముందే వచ్చి కూర్చున్నాడు. ఆమె వస్తానన్నది పదింటికి కదా? ఎనిమిదింటి నుంచే వీధి మొగదలకు నాలుగుసార్లు తిరిగాడు.

ముప్పయ్యో అంగుళం దగ్గర అనీసా చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ అడిగింది.

"శుక్రవారం చిలమత్తూరు నుంచి నన్ను చూసేకి వస్తాండారు. పెండ్లికొడుక్కి పెయింట్ల అంగడి అంట. వాళ్లకు టీ ఇయ్యల్లనా, షర్బత్తా?"

ఖాజా ముఖం మీదికి మాస్కు దిగింది. నీలం మంట లేచింది. అంగుళం. ఆగలేదు. ఇంకో అంగుళం. ఇంకొకటి. రేకు కడుపు మెల్లగా పైకి లేస్తోంది.

"ఆపరా!" కరీం సాబ్ ఒక్క అరుపు అరిచాడు.

మంట ఆరింది. ముగ్గురూ రేకు మీదికి వంగి చూశారు. అనీసా తడిగోనెను అతుకు దగ్గరికి జరిపింది.

"కోపం గుడకా వేడే కదరా. ఆగు," అన్నాడు ఉస్తాద్. పూర్తిగా చల్లారాక ఆయన కొయ్యసుత్తితో తట్టి తట్టి రేకును దారికి తెచ్చాడు. ఖాజా తల వంచుకుని నిలబడ్డాడు. ఇప్పుడు వాడికి భయం రేకు గురించి కాదు. శుక్రవారానికి మధ్యలో ఒక్క రోజే ఉంది.

"ఆ మూడింటికీ ప్రశ్నలడగనిస్తివా నువ్వు?" అంది అనీసా కినుకగా. ఆ బాకీ తీర్చుకున్నాకే మిగతా అంగుళాలు కాల్చనిచ్చింది.

సాయంత్రానికి ముప్పైతొమ్మిది అయ్యాయి. చివరి అంగుళం మిగిలింది.

ఖాజా కదలలేదు.

"కాల్చు."

"ఇంగా చల్లారల్యా."

అయిదు నిమిషాలు. పది నిమిషాలు. టీ బంకు రేడియోలో మూడు పాటలు అయిపోయాయి. కరీం సాబ్ మళ్లీ గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని గురక మొదలుపెట్టాడు. అనీసా లేచి వచ్చి అతుకు మీద అరచెయ్యి ఆనించింది.

"కుండలో నీళ్ల మాదిరి సల్లగుండాది. ఎందుకు కాల్చల్యా?"

"కాలిస్తే బల్ల ఎత్తుకొని పోతావు కదా."

ఆమె చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"ముప్పైతొమ్మిది నేనడిగినా," అంది. "నలభయ్యోది నువ్వడుగు."

అంగుళాన్ని రెప్పపాటులో కాల్చే ఖాజాకు నోట్లోంచి మాట రావడానికి ఇంకో పాట పట్టింది. వాడి కాలు ఆడడం మానేసింది.

"చిలమత్తూరోళ్లను రావద్దని చెప్తావా?"

"ఎందుకని చెప్పల్ల?"

"అది నలభై ఒకటి."

"అయితేనేం? చెప్పు."

"నాకు నువ్వు కావల్ల అనీసా. అందుకని."

గురక ఆగింది. కళ్లు తెరవకుండానే కరీం సాబ్ అన్నాడు.

"కాల్చురా ఇంగ. నేను జమీలాబీతో మాట్లాడతా."

గురువారం పొద్దున బల్ల జమీలాబీ ఇంటి వసారాలో దిగింది. ఆమె గ్లాసెడు నీళ్లు తెచ్చి మధ్యలో పోసింది. నీళ్లు పోసినచోటే పలచగా పరుచుకుని నిలిచాయి. మధ్యలో గట్టిగా నొక్కింది. బల్ల నోరెత్తలేదు. కరీం సాబ్ ఆమెను పక్కకు పిలిచి చాలాసేపు మాట్లాడాడు. అంతసేపూ ఖాజా గడపలోనే నిలబడ్డాడు.

జమీలాబీ తిరిగొచ్చి వాణ్ణి ఎగాదిగా చూసింది.

"ఏం నాయనా, వంకాయ తింటావా?"

"తింటాడమ్మా!" లోపలి నుంచి అనీసా గొంతు.

జమీలాబీ నవ్వు ఆపుకోలేకపోయింది. "ఓహో, పరీక్ష ముందే అయిపోయిందా? సరే, చిలమత్తూరుకు ఫోన్ చేస్తా. అయితే పెండ్లి కొత్త శెనక్కాయలు వచ్చినంకే. అంతవరకు ఆగల్ల."

"నాలుగు నెలలా!" ఖాజా కాలు మళ్లీ ఆడబోయింది.

అనీసా పొగలు కక్కే టీ తెచ్చి వాడి చేతికిచ్చింది. ఖాజా గ్లాసు పట్టుకుని ఆమెను చూస్తూ కూర్చున్నాడు. ఏం మాట్లాడుకున్నారో కరీం సాబ్‌కు వినపడలేదు. బయలుదేరదాం రమ్మని ఆయన పిలిచేసరికి గ్లాసు అలాగే నిండుగా ఉంది, పైన మీగడ కట్టింది.

"అయ్యో, చల్లారిపోయెనే," అంది అనీసా. "ఇంకోటి కాచుకొని రానా?"

"కాచుకొని రా," అన్నాడు ఖాజా. "నేనాగుతా."