పింకీ చెప్పిన ఊరు

ఏడున్నరకల్లా రెండు క్యారేజీలు సర్దేసింది ప్రసన్న. ఒకటి తనకి, రెండోది పింకీకి. పదో తరగతి పిల్లలకి పొద్దున్నే స్పెషల్ క్లాసులు. ఆ వేళకి పింకీ వాళ్ళమ్మ షెఫాలీ చేపల చెరువులో మేత సంచులు కట్టడానికి పడవెక్కేసి ఉంటుంది. పిల్ల ఖాళీ కడుపుతో బడికొస్తోందని తెలిసిన దగ్గర్నుంచీ ఈ రెండో క్యారేజీ మొదలైంది.

"ఇవాళ కూడా గుడ్డు పెట్టావా అమ్మాయ్?" వసారాలోంచి అడిగింది అత్తగారు సుబ్బాయమ్మ.

"పెట్టానండీ అత్తయ్యగారూ. ఇంక పన్నెండు రోజులే కదండీ పరీక్షలు."

"పెట్టు, పెట్టు. మా వాడు పదో తరగతి తప్పినప్పుడు నేను గుడ్డు పెట్టకపోవడం వల్లేనన్నాడు."

పేపరు వెనకాల సుబ్బరాజు దగ్గాడు. పెదపాడు మండలంలో ముప్ఫై ఎకరాల చెరువులున్న మనిషి, తల్లి ఎదుట మాత్రం ఇప్పటికీ పదో తరగతి తప్పిన కుర్రాడే. ప్రసన్న నవ్వుకుంటూ చెప్పులేసుకుంటుంటే ఫోన్ మోగింది. హెడ్‌మాస్టర్ జేమ్స్ గారు.

ఆయన చెప్పింది విన్నాక ఆమె చెప్పులతోనే వచ్చి కుర్చీలో కూలబడింది. బయటి రాష్ట్రాల నుంచి చెరువుల మీదకి వచ్చినవాళ్ళ వివరాలు పోలీసులు తనిఖీ చేస్తున్నారట. మూడేళ్ళ కిందటి బడి బయటి పిల్లల సర్వే కాగితాలు తెప్పించుకుని చూశారట. అందులో ప్రసన్న రాసిన షీటులో, పింకీ పేరుకి ఎదురుగా, ఖుల్నా జిల్లా అని ఉందట. అది మన దేశంలోది కాదని ఎస్సైగారు గుర్తుపట్టారట. రేపు పదింటికి బడికొస్తారు. ఆ పిల్ల నిజంగా ఆ ఊరే చెప్పిందో, టీచరు పొరపాటున రాసిందో, ప్రసన్నే రాసివ్వాలి.

ఆ షీటు సంగతి చెప్పాలి. ఏటా వేసవిలో టీచర్లు ఇల్లిల్లూ తిరిగి బడికి రాని పిల్లల పేర్లు రాసుకొస్తారు. చెరువు గట్ల మీది గుడిసెల దగ్గరికొచ్చేసరికి అందరూ ఒకటే పద్ధతి. స్వస్థలం అన్నచోట ఈ ఊరి పేరే రాసి పడేస్తారు. జేమ్స్ గారూ అంతే. ఎవరెక్కణ్ణుంచొస్తే మనకేంటండీ, పిల్ల బడికొస్తే చాలదా అనేవారు. ప్రసన్నకి అలా రాయడం చేతకాదు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆమె నింపిన ఏ ఫారంలోనూ ఒక్క గడి ఖాళీగా గానీ తప్పుగా గానీ లేదు. అదొక గర్వం ఆమెకి, ఎందుకు దాచాలి.

అందుకే ఆ రోజు ఎండలో నిలబడి, పన్నెండేళ్ళ పింకీని సగం హిందీలో సగం సైగల్లో గుచ్చిగుచ్చి అడిగి, ఊరూ జిల్లా రాసుకుంది. తను లెక్కల టీచరు, ఖుల్నా అంటే బెంగాల్లో ఏదో ఊరనుకుంది. ఎనిమిదో తరగతిలో చేరిన నాలుగు నెలలకి, సోషల్ పుస్తకంలో మ్యాపు చూస్తూ పింకీయే దేశ సరిహద్దు గీతకి అవతల వేలు పెట్టి, "ఇక్కడండీ టీచర్ మాది," అని సంబరంగా చూపించింది. అది వేరే దేశమని ప్రసన్నకి అప్పుడుగానీ తెలియలేదు. అప్పటికి ఆ పిల్ల గుణింతాలన్నీ నేర్చేసుకుని, గోదావరి పిల్లల్లాగా ఆయ్ అనడం కూడా మొదలుపెట్టింది. ఈ సంగతి ఇంకెవరితోనూ అనొద్దని పిల్లకి చెప్పి, తనూ నోరు మూసుకుంది. ఫారం మాత్రం అప్పటికే మండల ఆఫీసుకి వెళ్ళిపోయింది.

ఫోన్ వచ్చిన ఆ రోజు బడిలో ఆమె పాఠం చెప్పిందన్న మాటే గానీ మనసు మనసులో లేదు. పింకీ బోర్డు మీద త్రికోణమితి లెక్క చేసి, సరిపోయిందా అన్నట్టు వెనక్కి తిరిగి చూసింది. ప్రసన్న తలూపింది గానీ లెక్క చూడనేలేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి సుబ్బరాజు చెరువు నుంచి ముందే వచ్చి కూర్చున్నాడు. సంగతంతా ఊళ్ళో తెలిసిపోయింది. అతను తనకి తోచిన దారి చెప్పాడు. చీకటిపడేలోపు చేపల లోడు లారీ బెంగాల్లోని హౌరాకి బయల్దేరుతుంది. తల్లీకూతుళ్ళని అందులో ఎక్కించేస్తే, రేపు ఎస్సై వచ్చేసరికి అడగడానికి పిల్లే ఉండదు. కూలీలని తెచ్చే మేస్త్రీ వాళ్ళని ఇంకో చోట పనిలో పెడతాడు.

"పరీక్షలండీ," అంది ప్రసన్న.

"పరీక్షలా? పోలీసులొస్తుంటే పరీక్షలంటావేంటి?"

"దానికి క్లాసులో ఫస్టు ర్యాంకు. మూడేళ్ళు కష్టపడింది. నేను రేపు పొరపాటున రాశానని రాసిచ్చేస్తాను. అక్కడితో పోతుంది."

సుబ్బరాజు లేచి నిలబడ్డాడు. ఆ మాట ఎప్పుడో ఒకప్పుడు బయటపడక మానదనీ, పోలీసులకి అబద్ధం రాసిచ్చిన టీచరుని ఇంటికి పంపించేస్తారనీ, కేసు కూడా పెడతారనీ చెప్పాడు. అతని గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువగా ఉంది. ప్రసన్న ఆ భయాన్ని చూడలేదు. ఆమెకీ ఒళ్ళు మండిపోతోంది.

"నాలుగేళ్ళ నుంచీ మన చెరువులో పని చేయించుకుంటున్నారు. చేరిన రోజు ఏ కాగితం అడిగారండీ మీరు? ఎండలో, వానలో పడవ మీద నిలబెట్టినప్పుడు వాళ్ళది ఏ దేశమో గుర్తుకురాలేదా? ఇప్పుడు ఐసు పెట్టెల మధ్య కుక్కి పంపించేస్తారా?"

"అడగలేదు. నేను ఏ పుస్తకంలోనూ వాళ్ళ పేరు రాయలేదు. అందుకే నాలుగేళ్ళు నిమ్మళంగా బతికారు." ఒక్క క్షణం ఆగి అన్నాడు. "రాసింది నువ్వు ప్రసన్నా."

చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. ఎందుకంటే పొద్దున్నుంచీ ఆమె తనతో తాను అనుకుంటున్నది సరిగ్గా అదే.

సుబ్బాయమ్మ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని, "ఒకడు లారీ ఎక్కిస్తానంటాడు, ఒకత్తి అబద్ధం రాస్తానంటుంది. ఆ పిల్లని అడిగారా ఎవరైనా, నీకేం కావాలమ్మా అని?" అంది.

సుబ్బరాజు బండి తాళాలు తీసుకుని చెరువు వైపు వెళ్ళిపోయాడు. గంట తర్వాత వచ్చి, లారీ వెళ్ళిపోయిందనీ, వాళ్ళు ఎక్కలేదనీ, తల్లి వస్తానన్నా పిల్ల రానందనీ చెప్పాడు. పరీక్షల కోసమే అనుకుంది ప్రసన్న. ఎంత మొండిదో అనుకుని, ఆ దిగులులోనూ కాస్త మురిసింది.

మర్నాడు పదింటికి ఎస్సై వచ్చాడు. చిన్న వయసువాడు, మర్యాదస్థుడు. హెడ్‌మాస్టర్ గదిలో ఆ పాత షీటు బల్ల మీద పెట్టి, ఇది మీ చేతిరాతేనాండీ అని అడిగాడు.

"నాదేనండీ. ఊరి పేరు మాత్రం పొరపాటున రాశానండీ."

అయితే అదే రాసివ్వమన్నాడు. ఒక తెల్లకాగితం ఇచ్చాడు. ప్రసన్న రాయడం మొదలుపెట్టింది. రెండు వాక్యాలు రాసి ఆగింది. జేమ్స్ గారు కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. ఈలోగా పిల్లని కూడా ఒకసారి పిలవమన్నాడు ఎస్సై, అడిగానని అనిపించుకోవాలి కదా అన్నట్టు.

పింకీ వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది. బల్ల మీది కాగితం కేసి చూసింది. తెలుగు చదవడం నేర్పింది ఈ బడే. సగం రాసిన ఆ రెండు వాక్యాలూ చదివిందని ప్రసన్నకి తెలిసిపోయింది. వద్దని కళ్ళతోనే చెప్పింది.

"మీది ఏ ఊరమ్మా?"

"టీచర్ రాసిందేనండీ," అంది పింకీ. "ఖుల్నా జిల్లానండీ. నేనే చెప్పాను. మా టీచర్ తప్పు రాయరండీ."

ఎస్సై ఆ పిల్ల వైపు చూశాడు. తర్వాత ప్రసన్న చేతికింద నుంచి కాగితం లాగి, నాలుగు మడతలు పెట్టి, ఆమె చేతికే ఇచ్చేశాడు. "మీరు ఇది రాయలేదు మేడమ్. నేను చూడలేదు," అన్నాడు.

తల్లీకూతుళ్ళని ఏలూరులో ఆడవాళ్ళని ఉంచే హోమ్‌కి తీసుకెళ్ళారు. ఆ తర్వాత పది రోజులు ప్రసన్న, జేమ్స్ గారు ఎక్కని మెట్టు లేదు, పెట్టని అర్జీ లేదు. వాళ్ళ దేశానికి పంపించడం ఆపలేమన్నారు ఆఫీసర్లు. చివరికి ఒక్క మాటకి ఒప్పుకున్నారు. వరమ్మ అనే ఆడ కానిస్టేబుల్ వెంట ఉండి పింకీతో పరీక్షలు రాయిస్తుంది. అవి అయిపోయాక పంపించేస్తారు. రోజూ ప్రసన్నని కారులో తిప్పింది సుబ్బరాజే. తనూ ఆఫీసర్ల ముందు నిలబడి, వాళ్ళు నా చెరువులోనే పని చేశారండీ, తప్పు నాదీ ఉందండీ అని చెప్పాడు. భార్యతో మాత్రం ఏదో చెప్పబోయి ఆగిపోయేవాడు. ఏంటని ఆమె కూడా అడగలేదు.

ఆఖరి పరీక్ష సోషల్. పెదపాడులో సెంటరు. ప్రసన్న, సుబ్బరాజు గేటు బయట కాచుకుని ఉన్నారు. పన్నెండున్నరకి గేటు తెరుచుకుని పిల్లలు కేకలేసుకుంటూ బయటికొచ్చారు. పేపర్లు చించి గాల్లోకి విసురుకుంటున్నారు. వాళ్ళ వెనకాల వరమ్మతో కలిసి పింకీ వచ్చింది. ఐదు నిమిషాలు మాట్లాడుకోండి మేడమ్ అని వరమ్మ పక్కకి వెళ్ళింది.

"బాగా రాశావామ్మా?"

"ఆయ్. మ్యాపు కూడా పెట్టానండీ."

ప్రసన్న ఇక ఆగలేకపోయింది. "ఎందుకు చెప్పావే ఆ రోజు? నేను చూసుకునేదాన్ని కదా."

పింకీ సుబ్బరాజు వైపు ఒకసారి చూసి తల దించుకుంది. చెప్పనా వద్దా అన్నట్టు నిలబడింది. సుబ్బరాజే ముందుకొచ్చాడు.

"నేను చెప్పాను ప్రసన్నా. ఆ సాయంత్రం గుడిసె దగ్గరికెళ్ళి, మా ఆవిడ మీ కోసం అబద్ధం రాయబోతోంది, రాస్తే ఉద్యోగం పోతుంది, జైలుకి కూడా పంపుతారు, లారీ ఎక్కి వెళ్ళిపోండి అని బతిమాలాను. వెళ్ళిపోతారనుకున్నాను. ఇలా చేస్తుందనుకోలేదు." ముఖం తుడుచుకున్నాడు. కన్నీళ్ళు ఆగలేదు.

"రాజుగారు మంచిగానే చెప్పారండీ," అంది పింకీ. "పారిపోతే టీచర్ని అడుగుతారు కదండీ మళ్ళీ, అప్పుడూ అబద్ధమే రాస్తారు కదండీ. అందుకే నేనే చెప్పేశాను."

పదిహేనేళ్ళ పిల్ల అంత దూరం ఆలోచించింది. ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్ళకి తట్టలేదు. ప్రసన్న ఆ పిల్లని దగ్గరికి తీసుకుంది.

"వెళ్ళాక మీ ఊళ్ళో కాలేజీలో చేరాలి. రిజల్ట్స్ రాగానే మార్కుల కాగితం పంపిస్తాను. ఇంటి అడ్రసు చెప్పు."

పింకీ కాస్త విస్తుపోయినట్టు చూసింది. "అక్కడ ఇల్లు లేదు కదండీ టీచర్. తుఫానుకి కట్ట తెగి ఉప్పునీళ్ళు వచ్చేశాయండీ. పొలం పోయింది, ఇల్లు పోయింది, మా నాన్న కూడా అందులోనే పోయాడు. అందుకే కదా వచ్చాం." తర్వాత మెల్లగా అంది, "మీకు తెలుసనుకున్నానండీ."

వరమ్మ వచ్చి ఇక బయల్దేరాలంది. పింకీ వంగి టీచర్ కాళ్ళకి దండం పెట్టి, సుబ్బరాజుకీ పెట్టి, జీపెక్కింది. జీపు ఏలూరు రోడ్డెక్కి మలుపు తిరిగేదాకా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు.

"నన్ను క్షమించు ప్రసన్నా," అన్నాడు సుబ్బరాజు.

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. ఇన్ని రోజులుగా బిగబట్టుకున్నదంతా ఒక్కసారి పొంగి, నడిరోడ్డు అని కూడా చూడకుండా ఏడ్చేసింది.

"మిమ్మల్ని అనే మొహం నాకెక్కడుందండీ. మూడేళ్ళు దాని పక్కన కూర్చుని లెక్కలు చెప్పాను. మీది ఏ ఊరని అడిగాను, రాసుకున్నాను. ఎందుకొచ్చారమ్మా అని ఒక్కరోజు, ఒక్కసారి అడగలేదండీ."