కాకి ముట్టిన రక్తం

నల్లగొండలో పెద్ద దవాఖాన వెనక సందులో నాగేందర్‌కు రక్తపరీక్షల ల్యాబ్ ఉంది. సూది గుచ్చితే చీమ కుట్టినట్టు కూడా ఉండదని అతనికి పేరు. ఆ పేరు చాటున ఇంకో అలవాటు ఉండేది. ఖరీదైన పరీక్షల రక్తాన్ని సింకులో పోసేసి, మనిషి మొహం చూసి ఫలితం చెప్పేవాడు. నూటికి తొంభై మందికి ఏమీ ఉండదు, ఉత్తగా కిట్టు ఎందుకు పాడుచేయాలని అతని ఆలోచన.

పానగల్ బత్తాయి రైతు మారయ్య రక్తం కూడా అట్లాగే పోయింది. మూత్రానికి ఇబ్బందిగా ఉందంటే డాక్టర్ పీఎస్‌ఏ పరీక్ష రాశాడు. పీఎస్‌ఏ అంటే మగవాళ్ల ప్రోస్టేట్ గ్రంథిలో తయారయ్యే ఒక ప్రోటీన్. ఉత్త చాడీకోరు. గ్రంథి చెడితే రక్తంలోకి ఎక్కువెక్కువగా దిగి ఆ సంగతి బయటపెడుతుంది. అంతటితో ఆగక, చుట్టూ ఉన్న గోడలు కొరికి క్యాన్సర్‌కు దారి కూడా చేస్తుందని కొందరు డాక్టర్ల అనుమానం. ఆ చాడీని నాగేందర్ నల్లా విప్పి కడిగేశాడు. "ఏం లేదు పో. మంచిగున్నవ్," అన్నాడు. మారయ్య సంబరపడి మర్నాడు సంచెడు బత్తాయిలు తెచ్చిచ్చాడు.

ఏడాది తిరిగేసరికి జబ్బు వెన్నెముకలోకి పాకింది. మారయ్య మంచంలో పొర్లి పొర్లి ఏడ్చి పోయాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా? కబురు విన్న పూట కూడా నాగేందర్ బిర్యానీ మానలేదు.

మూడో రోజు ఇంటివాళ్లు పిట్టకు పెట్టారు. పోయినవాడికి ఇష్టమైనవి విస్తట్లో పెడితే కాకి ముట్టాలి. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టే. మాంసం పెట్టారు, కల్లు పోశారు, బత్తాయి ఒలిచి పెట్టారు. కాకి గోడ దిగలేదు.

అదే రోజు మారయ్య పెళ్లాం నర్సింగమ్మ ల్యాబుకు వచ్చింది. పాణం పోయేముందు మొగుడు 'నా రక్తం ఏది' అని ఒకటే అడిగాడట. ఇస్తే విస్తట్లో పెడతానంది. ఆమెకు ఏ అనుమానమూ లేదు. నాగేందర్‌కే గుండె జారింది. లేదంటే సింకు సంగతి బయటపడుతుంది. లోపలికి పోయి తన చేతికే సూది గుచ్చుకున్నాడు. గొట్టం నింపి, పైన మారయ్య పేరు రాసి ఇచ్చాడు. ఒక అబద్ధం ఆడినవాడికి రెండోది బరువా?

మర్నాడు సాయంత్రం, ముసురు పట్టిన వేళ, ఆమె మళ్లీ వచ్చింది. ముఖం తేటపడింది.

"కాకి ముట్టింది బిడ్డా. విస్తట్ల మెతుకు ఉంచలే. ఖాళీ గొట్టం సుత ఎత్కపోయింది. ఇగ ఆయినకు దారి దొరికింది."

ఆమె వెళ్లగానే కరెంటు పోయింది. స్పిరిట్ వాసన... దాని అడుగున బత్తాయి తొక్క వాసన. నల్లా కట్టేసే ఉంది. అయినా సింకు గులగులమంది. నాగేందర్‌కు భయమేసింది. నడుములో సన్నగా ఒక పోటు మొదలైంది.

ఇన్వర్టర్ మీద మిషన్ పెట్టి, మొదటిసారి బుద్ధిగా, తన రక్తానికి పీఎస్‌ఏ పరీక్ష చేశాడు. అంకె ఎక్కువొచ్చింది. మళ్లీ చేశాడు. రెట్టింపు. మిగిలిన రక్తాన్ని సింకులో పోశాడు...

సింకు లోపల ఎవరో గొంతు సవరించుకున్నారు.

"ఏం లేదు పో," అన్నదా గొంతు మెల్లగా. "మంచిగున్నవ్."

ఆ తర్వాత నాగేందర్ హైదరాబాద్‌లో తిరగని దవాఖాన లేదు. ఎక్కడ పరీక్ష చేసినా అంకె చక్కగానే వస్తుంది. స్కానింగులోనూ ఏమీ కనబడదు. ఏం లేదు, బాగున్నారని పంపేస్తారు. నొప్పి మాత్రం ఎముక ఎముకకూ ఎక్కుతోంది. అతను ఏడిస్తే ఇంట్లోవాళ్లే నమ్మడం మానేశారు.

నిన్న ల్యాబు తాళం తీస్తే ర్యాకులో ఒక గొట్టం ఉంది. నిండుగా, వెచ్చగా. పైన అతని చేతిరాతలోనే మారయ్య పేరు. మూత మీద ముక్కుతో పొడిచిన గుర్తు ఉంది.