చల్లనీళ్ళ గడిలో ఒక్క స్పేస్

పోతురాజును చంపింది మీరు. ఏసీ గదిలో కూర్చుని "ఆపరేటర్ అజాగ్రత్త" అని రిపోర్టు రాసి సంతకాలు గీకిన మీరు. విదేశీ ముఠా సంగతి తర్వాత. ముందు మీరు.

2009 మే నెల. అచ్యుతాపురం మందుల ఫ్యాక్టరీలో మందు వండే రియాక్టర్ పక్కన పోతురాజు ఒళ్ళు ఉడికి చచ్చిన పదకొండో రోజు. అనకాపల్లి బెల్లం మార్కెట్లో, దిమ్మల మధ్య నిలబడ్డ దళారీని ఏజెంట్ హనోకు అడిగేడు.

"నల్లబెల్లం ఉందా మామా?"

"వానకి తడిసిందే ఉంది."

కోడ్ సరిపోయింది. దళారీ వేషంలో ఉన్నది చీఫ్ వెంకటరమణ.

"అచ్యుతాపురం ఫ్యాక్టరీ చేసే మందు ఇక్కడ తయారవకూడదని విదేశీ ముఠా పట్టుదల. ఈ రోజు రెండింటికి రియాక్టర్ పేల్చేస్తారు. పక్క హాల్లో ప్యాకింగ్ వాళ్ళు నలభై ముగ్గురు. బాంబు ఎక్కడుందో కనుక్కో."

"మా చెల్లి సువార్త అక్కడే సేత్తంది సార్."

"తెలుసు. చెప్పకు. ఒక్కరు బయటికి పరుగెత్తినా ముఠా జారిపోతుంది."

హనోకు కంప్యూటర్లు బాగుచేసేవాడి వేషంలో కంట్రోల్ రూమ్‌లో దూరేడు. పెన్ డ్రైవ్ మూతలో కెమెరా. మూల కుర్చీలో రోజలిన్, కంపెనీ సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్. నల్ల కళ్ళద్దాలు, ఖరీదైన సెంటు. ముఠా మనిషని ఫైల్లో ఉంది. బాంబు ఎక్కడా లేదు.

రెండయింది. షిఫ్టు దిగేవాళ్ళ కోసం బయట కంపెనీ బస్సు హారన్. ఆపరేటర్ రాములు బ్రౌజర్‌లో ఫారమ్ తెరిచేడు. ఒకటే గడి. రియాక్టర్‌కి నిమిషానికి ఎన్ని లీటర్ల చల్లనీళ్ళు వెళ్ళాలో అందులో కొట్టాలి.

"మీటర్ సూడవా మామా?" అన్నాడు హనోకు.

"మెట్లెక్కి దిగేసరికి బస్సు ఎల్లిపోద్ది. తప్పు అంకె కొడితే రికార్డులో నా మెడకి సుట్టుకుంటాది. అచ్చరం కొడితే వద్దంటాది. ఖాళీగా వదిలేత్తే వద్దంటాది. స్పేస్ ఒకటి కొడితే నోర్మూసుకుంటాది. సూపర్‌వైజరే నేర్పేడు. వచ్చే షిఫ్టువోడు అయిదు నిమిషాల్లో సరిసేత్తాడు."

స్పేస్. సబ్మిట్. రాములు పరుగు.

హనోకు కోడ్ తెరిచేడు. బ్రౌజర్‌లో గడిని తనిఖీ చేసే జావాస్క్రిప్ట్ అడిగేవి రెండే. గడి ఖాళీయా? కాదు, స్పేస్ ఉంది. అంకె కానిదా? స్పేస్‌ని అది సున్నా కింద లెక్కేస్తుంది, సున్నా అంకే. పాస్. సర్వర్ అదీ అడగదు. నీళ్ళు బంద్.

"వచ్చే షిఫ్టు బస్సేదీ?"

"మునగపాక దాటలేదు. టైరు కోసేం." రోజలిన్ తలుపు గడియ పెట్టింది. "పోతురాజు చచ్చిన రోజూ ఇంతే. బాంబు మేం తేలేదు బావా. ఈ కంపెనీవోళ్ళే కట్టి ఉంచేరు."

గోడ డయల్లో రియాక్టర్ వేడి నూట నలభై డిగ్రీలు. నూట అరవైకి పేలుతుంది. హనోకు పాత ఎంట్రీల్లో ఉన్న 120 కొట్టేడు. 'ఈ షిఫ్టు ఎంట్రీ అయిపోయింది' అంది స్క్రీన్. వచ్చే షిఫ్టు పాస్‌వర్డ్ కావాలి. రోజలిన్ నవ్వింది.

అతను ఆమె చూపుడువేలు వెనక్కి విరిచేడు. నవ్వు ఆగింది. రెండోదీ విరిచేడు. మూడోది పట్టుకోగానే పాస్‌వర్డ్ చెప్పింది.

నూట యాభై తొమ్మిది దగ్గర ముల్లు ఆగింది. గోడవతల సువార్త ఎవరినో ఆటపట్టిస్తోంది, నవ్వులు వినిపిస్తున్నాయి.

"మీ చీఫ్‌కి ఫోన్ కొట్టు," రోజలిన్ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని మూలిగింది. "పోతురాజు సంగతి కూడా ఆయనకి ముందే సెప్పేను."

ఫోన్‌లో చీఫ్ తడుముకోలేదు. "ఆమె డబుల్ ఏజెంట్, మన మనిషే. ముఠా దొరికేదాకా పాస్‌వర్డ్ ఇవ్వొద్దని మేమే చెప్పేం. అప్పుడు ఆపితే ముఠాకి అనుమానం వచ్చేది. ఒక ఆపరేటరే కదా అని ఊరుకున్నాం. ఇప్పుడు టైరు కోసినవాళ్ళ దగ్గర్నుంచి అందరూ దొరికేరు."

"ఈవిడికి ఎనిమిది వేళ్ళు మిగిలేయి సార్," అన్నాడు హనోకు. "మీకింకా పదీ ఉన్నాయి."

ముఠా జైల్లో ఉంది. ఫారమ్ అలాగే ఉంది. స్పేసులు తీసేసి చూడండి. ఏమీ మిగలకపోతే తిప్పికొట్టండి. ఎనభైకి తక్కువైనా, రెండొందలకి ఎక్కువైనా తిప్పికొట్టండి. బ్రౌజర్‌ని నమ్మకుండా సర్వర్లో మళ్ళీ చూడండి. బస్సు పది నిమిషాలు ఆపండి. ఇవాళే. కుదరదంటారా, మీ కుర్చీలు తెచ్చి ఆ రియాక్టర్ పక్కన వేసుకోండి, రోజూ రెండింటి నుంచి రెండున్నర దాకా.