ఎర్తు తాత

2071 ఫిబ్రవరి తొమ్మిది. ఆ పొద్దున ఏం తిన్నాడో గౌరునాయుడికి ఎప్పటికీ గుర్తే. గిన్నెడు చోడి అంబలి, నంచుకోవడానికి పచ్చి ఉల్లిపాయ, ఎండు మెత్తళ్ళ వేపుడు. తినడానికి కూర్చున్నాడన్న మాటే గాని సగం అంబలి గిన్నెలోనే ఉండిపోయింది. సాయంత్రం ఫైనల్.

భీమిలి పాత తీరం మునిగి ఇరవై ఏళ్ళయింది. ఊళ్ళు కొండలెక్కితే ఆటలు నీళ్ళ మీదికి దిగాయి. తేలే మైదానంలో మూడు వారాలుగా పదహారేళ్ళలోపు ఆడపిల్లల ఫుట్‌బాల్ పోటీలు. బంగాళాఖాతం చుట్టూ ఉన్న ఎనిమిది తీరాల నుంచి ఎనిమిది జట్లు వచ్చాయి. తెలుగు తీరం జట్టు ఫైనల్ చేరడం అదే మొదటిసారి. అవతలివాళ్ళు చిట్టగాంగ్ పిల్లలు.

ప్రతి జట్టు బెంచీ చివరా ఒక కుర్చీ ఉంటుంది. అందులో కూర్చునే మనిషికి కాగితాల్లో పేరు ‘భయస్వీకర్త’. పిల్లలు మాత్రం కరెంటు ఎర్తు తీగ పేరు పెట్టి గౌరునాయుణ్ణి ఎర్తు తాత అంటారు.

ఆ పేరూ తప్పేమీ కాదు. మెదడు లోపల బాదంగింజంత భాగం ఒకటుంది. భయం పుట్టేది అక్కడ. డాక్టర్ మృణాళిని దానికి భీతిగింజ అని పేరు పెట్టి పదిహేనేళ్ళు దాంతోనే కాపురం చేసింది. భయాన్ని మందుతో అణిచేస్తే కాళ్ళు కూడా మందగిస్తాయి. బలవంతంగా ఆపితే ఫిట్స్ వస్తాయి. పిడుగును ఆపలేం గాని భూమిలోకి దించగలం కదా అని ఆమెకు తట్టింది. ఆటగత్తె మెడ వెనక సన్నని పట్టీ అంటిస్తే, భీతిగింజలో పుట్టిన సంకేతం రేడియో తరంగంగా మారి వేరొకరి మెడ మీది పట్టీలోకి దిగుతుంది. ఆ పిల్ల తేలికపడుతుంది. భయం మాత్రం ఎక్కడికీ పోదు. దాన్ని దించుకోవడానికి బతికున్న మెదడు ఒకటి కావాలి.

పదకొండు మంది భయాన్ని ఒక్కడు మోయాలంటే అతని సొంత భయం తక్కువగా ఉండాలి. గౌరునాయుడు సముద్రాన్ని ఆపే అలలగోడ దగ్గర ముప్పయ్యేళ్ళు తలుపులు ఎత్తి దించిన మనిషి. భార్య పారమ్మ పోయి నాలుగేళ్ళు. పిల్లల్లేరు. పరీక్షలో అతని భయం కొలిచే సూది కదల్లేదు. “మీలాంటివారు దొరకరు నాయుడుగారూ,” అంది మృణాళిని సంబరంగా.

స్వీకర్తకీ ఆటగత్తెలకీ పరిచయం ఉండనక్కర్లేదని ఆమె నియమాల్లో రాసింది. వంటవాళ్ళకి ఆ కాగితం అందలేదు, అందినా లాభం ఉండేది కాదు. ఒక మనిషిని వేరే కూర్చోబెట్టి ఒంటరిగా వడ్డించడం వాళ్ళకి చేతకాదు. మూడు వారాలూ అతను పిల్లల భోజనాల బంతిలోనే తిన్నాడు. మొదటి రోజే పక్కనున్న, గోలు కాసే గోలీ పిల్ల అడిగింది.

“తాతా, అప్పడం నువ్వు తినవేటి? నానెత్తుకోనా?”

“ఎత్తుకో. నీ పేరేటి?”

“కొర్రా జమున. మాది అరకు అవతల. నా భయం నీకెలగుంటాది?”

“ఇంకా రానేదు గదే.”

“వస్తాది. శానా ఉంది,” అంది అప్పడం విరుస్తూ.

వచ్చింది. ఆటలు మొదలయ్యాక ఎవరి భయం ఎలా ఉంటుందో అతనికి తెలిసిపోయింది. ఒకమ్మాయిది మోకాళ్ళలో చలి. ఇంకొకమ్మాయిది కడుపులో తిప్పు. జమునది అరచేతుల్లో చెమట, అంతే. కాని సెమీఫైనల్లో ఒక బూటు ఆమె ఎడమ కణతకి తగిలింది. అప్పట్నుంచి కొత్తదొకటి మొదలైంది. ఎడమ కంటి వెనక ఎవరో దీపం తగ్గిస్తున్నట్టు. ఆ ఆట అయ్యాక అతను బెంచీ వెనక్కి వెళ్ళి వాంతి చేసుకుంటుంటే పిల్లలంతా చూశారు. జమున నీళ్ళ సీసా తెచ్చింది.

“ఇదంతా మాదేనా తాతా?”

“కాదే. ఎండకి.”

“మబ్బేసుంటే ఎండేటి?” అంది. ఆమె చీర చెంగులాంటిదేమీ లేక తన జెర్సీ అంచుతోనే అతని మూతి తుడిచి వెళ్ళిపోయింది.

ఫైనల్‌కి ముందు అతను మృణాళిని దగ్గరికి వెళ్ళాడు.

“జమున తలలో ఏదో ఉంది డాక్టరమ్మా. ఆ పిల్లకి తెలీదు. దాని భయం నా దగ్గరికొచ్చేస్తంది.”

“స్కాన్ తీశాం. శుభ్రంగా ఉంది.”

“నాలుగు రోజులైంది తీసి. మళ్ళీ తియ్యండి.”

“భయం సాక్ష్యం కాదు నాయుడుగారూ. మీకు అందినదాన్ని బట్టి ఒక ఆటగత్తెను ఆపితే రేపు ప్రతి జట్టూ అదే నాటకం ఆడుతుంది.”

“పోనీ దాని పట్టీ ఒక్కటీ తీసెయ్యండి. దాని బెదురు దానికుంటే ఒళ్ళు కాసుకుంటాది.”

“ఫైనల్లో వణికే గోలీని నిలబెట్టమంటారా?” ఆమె నవ్వబోయి, అతని ముఖం చూసి మానుకుంది. “వెళ్ళి కూర్చోండి.”

మొదటి సగం అతను కుర్చీ చేతులు పట్టుకుని గడిపాడు. మోకాళ్ళలో చలి, కడుపులో తిప్పు, అన్నీ వచ్చాయి. కంటి వెనక దీపం మరింత తగ్గింది. అక్కడ గోలు ముందు జమున ఏ బెదురూ లేకుండా బూట్ల మధ్యకి తల పెట్టి దూకుతోంది. రెండుసార్లు దూకింది. రెండుసార్లూ జనం లేచి చప్పట్లు కొట్టారు. గౌరునాయుడు మాత్రం కళ్ళు మూసుకున్నాడు.

రెండో సగం ఇంకో రకం. చలీ తిప్పూ విడివిడిగా తెలియడం మానేశాయి. ఏ పిల్లదో పోల్చుకోలేని ఒకే భయం, గుండెకాయ మీద ఎవరో మోకాలు ఆనించినట్టు. ఊపిరి చాలడం లేదు. పిల్లలు ఇంత భయపడుతున్నారా అనుకున్నాడు. పట్టీ పీకేస్తే అది తిరిగి వాళ్ళ మీదే పడుతుంది. పీకలేదు. పళ్ళు బిగించి జమున తలనే చూస్తూ కూర్చున్నాడు.

డెబ్బయ్యొకటో నిమిషం. బంతి ఎత్తుగా వచ్చింది. చిట్టగాంగ్ పిల్ల కాలెత్తుతూ దూసుకొస్తోంది. జమున ముందుకి రెండడుగులు వేసింది. గౌరునాయుడి నోట్లోంచి మాట కాని శబ్దం ఏదో వచ్చింది.

జమున ఆగిపోయింది. ఒక అడుగు వెనక్కి వేసి రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకుంది. బంతి ఆమె పక్కనుంచి వలలోకి వెళ్ళింది. జనం ఉసూరుమన్నారు. ఆమె గడ్డి మీద నెమ్మదిగా కూర్చుని చెయ్యెత్తింది.

జట్టు ఆ ఒక్క గోలుతోనే ఓడిపోయింది. ఈసారి స్కాన్‌లో కణత లోపల నూలుపోగంత నెత్తురు కనబడింది. మందుతో కరుగుతుందని, కోత అక్కర్లేదని వైద్యుడు చెప్పాడు. ఇంకొక దెబ్బ తగిలి ఉంటే ఏమయ్యేదో ఆయన చెప్పలేదు.

వైద్యశాల వరండాలో మృణాళిని అతనికి ఒక పలక చూపించింది. అందులో పిల్లల పట్టీలవి పదకొండు గీతలున్నాయి. మధ్య వరకూ ఎగిరెగిరి పడిన గీతలన్నీ తర్వాత చదునుగా సాగాయి.

“విరామంలో పట్టీలు ఆపేశారు,” అంది. “పదకొండు మందీ. విడివిడిగా అడిగాను. ఒకరికొకరు చెప్పుకోలేదు. ప్రతి పిల్లా తనొక్కతే ఆపేశాననుకుంది. తాతకి ఈ ఒక్క పూటైనా బరువు తగ్గుతుందని.”

అతను ఆ చదునైన గీతల మీద వేలు పెట్టి చివరిదాకా జరిపాడు.

“మరి నాకొచ్చిందో? రెండో సగమంతా?”

“మీ పట్టీకి ఏమీ అందలేదు నాయుడుగారూ.” ఆమె పలక తన వైపు తిప్పుకుంది. “మీకెవరూ లేరనే కదా మిమ్మల్ని ఎంచుకున్నాం.”

లోపల ఎక్కడో నర్సు ట్రాలీ చక్రాలు కిచకిచలాడాయి.

“తప్పు యంత్రంలో లేదు,” అంది మృణాళిని, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. “ముఖాలు చూడనిచ్చాం. వచ్చే ఏడు స్వీకర్తలను వేరే ఊళ్ళో గదుల్లో ఉంచుతాం. ఎవరి భయం ఎవరికి పోతోందో ఎవరికీ తెలియదు. అప్పుడు ఎవరూ ఆపరు.”

“ఆపరు,” అన్నాడు గౌరునాయుడు. “అదే నాకు బెదురుగా ఉంది డాక్టరమ్మా.”

మెడ వెనక్కి చెయ్యి పోనిచ్చి పట్టీ ఊడదీశాడు. ఏమీ తగ్గలేదు. దాన్ని ఆమె పలక మీద పెట్టి జమున గదిలోకి వెళ్ళాడు.

పిల్ల తలగడకి ఆనుకుని, ఎడమ కన్ను సగం మూసుకుని ఉంది.

“గోలిచ్చేసేను తాతా.”

“చూసేను.”

“భయమేసింది.”

“మంచిదయింది.”

“ఇప్పుడూ వేస్తంది. పడుకుంటే లెగుస్తానా?”

“లెగుస్తావు. నాకూ వేస్తందిలే. ఇద్దరం ఉన్నాం గదా. పడుకో.”

ఆమె అతని చూపుడువేలు పట్టుకుంది. పట్టు వదులయ్యేదాకా అతను కదల్లేదు. తర్వాత లేచి, వరండా దీపం వెలుగు ఆమె కళ్ళ మీద పడకుండా, లోపలి నుంచే తలుపు చప్పుడు కాకుండా మూశాడు.